మీటరు ముల్లు ఊగుతుంటే: పాత కారు స్పీడోమీటరు కేబుల్‌ను శుభ్రం చేయాలా, మార్చాలా, వదిలేయాలా?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి పాత కార్లను ఇష్టంగా నడిపేవారికి ఏదో ఒక రోజు ఈ చిక్కు వస్తుంది. బండి నలభైలో నిలకడగా పోతుంటుంది. స్పీడోమీటరు ముల్లు మాత్రం ఇరవైకీ అరవైకీ మధ్య కొట్టుకుంటుంది. డాష్‌బోర్డు వెనక నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు కూడా వినిపిస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే ఒకరు గ్రీజు పెడితే చాలంటారు. ఇంకొకరు ఇన్నర్, అంటే కేబుల్ లోపల తిరిగే తీగ, మార్చాలంటారు, మరొకరు కేబుల్ మొత్తం కొత్తది వేయమంటారు. అదంతా తీసేసి జీపీఎస్ మీటరు పెట్టుకోమనేవారూ ఇప్పుడు ఉన్నారు. ఈ సలహాల్లో ప్రతిదీ ఏదో ఒక సందర్భంలో సరైనదే. మీ కారులో ఉన్న లోపానికి ఏది సరిపోతుందో తేల్చుకోవడమే అసలు పని.

ఇందులో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. కేబుల్ తెగినప్పుడు, ముల్లు ఊగినప్పుడు అందరూ కేబుల్‌నే చూస్తారు. కారణం చాలాసార్లు దాని రెండు చివరల్లో, అంటే పైన మీటరులోనో, కింద గేర్‌బాక్సు దగ్గరో ఉంటుంది. ఆ చివరలు చూడకుండా వేసిన కొత్త కేబుల్ కూడా ఎక్కువ కాలం నిలవదు.

## లోపల జరిగేది ఇది

గేర్‌బాక్సు వెనక భాగంలో, చక్రాల వైపు తిరిగే షాఫ్టు మీద స్క్రూ చుట్లలాంటి ఒక వర్మ్ గేరు ఉంటుంది. అది పినియన్ అనే చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. కేబుల్ ఇన్నర్ కింది చివర ఆ పినియన్‌లో కూర్చుంటుంది. సన్నని ఉక్కు తీగలను ఒక పొర కుడికి, దాని మీది పొర ఎడమకు చుట్టి ఇన్నర్‌ను తయారుచేస్తారు. అందుకే అది ఎటైనా వంగుతుంది కానీ అంత సులువుగా మెలిపడదు, కింది తిరుగుడును పైకి మోసుకెళ్తుంది. దాని పై చివర నలుపలకలుగా ఉండి మీటరు వెనక రంధ్రంలోకి వెళ్తుంది, లోపలి అయస్కాంతాన్ని తిప్పుతుంది.

అయస్కాంతాన్ని తాకకుండా, దానికి అతి దగ్గరగా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్ ప్రవాహాలు పుట్టి, గిన్నె కూడా అదే దిశలో తిరగబోతుంది. సన్నని చుట్టు స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. కిలోమీటర్ల అంకెలకు ఈ అయస్కాంతంతో సంబంధం లేదు. వాటిని అదే తిరుగుడు పళ్లచక్రాల ద్వారా నేరుగా నడిపిస్తుంది. ఈ తేడా గుర్తుంటే లోపం ఎక్కడుందో కనిపెట్టడం సులువవుతుంది.

స్మిత్స్ వంటి పాత బ్రిటిష్ మీటర్ల ముఖం మీద అడుగున చిన్న అక్షరాల్లో ఒక సంఖ్య ఉంటుంది. ఇన్నర్ ఎన్ని చుట్లు తిరిగితే ఒక మైలు లేదా కిలోమీటరు అయినట్టో అది చెబుతుంది. కిలోమీటరుకు వెయ్యి చుట్ల మీటరైతే, అరవై వేగంలో ఇన్నర్ నిమిషానికి వెయ్యిసార్లు తిరుగుతుంది. అంత వేగంగా తిరిగే తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే ఒక క్షణం ఆగి, మెలిక బిగిసి, ఒక్కసారిగా వదులుతుంది. ముల్లు ఊగడానికి కారణం ఆ ఆగడమూ వదలడమూ.

## డబ్బు పెట్టే ముందు చూడవలసినవి

డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ వైరు ఒకటి తీసేయండి. పాత వైరింగు మీద తొడుగు ఎక్కడ చిట్లి ఉందో తెలియదు.

ముల్లూ అంకెలూ రెండూ ఆగిపోతే కేబుల్ తెగి ఉండవచ్చు, నట్టు వదులై ఇన్నర్ జారిపోయి ఉండవచ్చు, లేదా పినియన్ పళ్లు అరిగిపోయి ఉండవచ్చు. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రం కదలకపోతే కేబుల్ బాగానే ఉంది, లోపం మీటరులో ఉంది. ముల్లు ఆడుతూ అంకెలు ఆగినా అంతే, మీటరులోని పళ్లచక్రం పోయింది. తక్కువ వేగంలో బాగా ఊగి వేగం పెరిగేకొద్దీ ముల్లు కుదురుకుంటే ఇన్నర్ ఎండిపోయిందనో, ఎక్కడో వంగిందనో అర్థం. ముల్లు అమాంతం చివరి అంకెకు పోయి అక్కడే కూర్చుంటే మీటరులోకి గ్రీజో ఆయిలో ఎక్కి, అయస్కాంతాన్నీ గిన్నెనూ ఒకదానికొకటి అంటించి ఉండవచ్చు. దానికి ఎన్ని కేబుళ్లు మార్చినా లాభం లేదు. మీటరు మెకానిక్ చేత విప్పించి శుభ్రం చేయించాలి.

ముల్లు నిలకడగా ఉండి వేగమే తప్పు చూపిస్తుంటే అది వేరే లెక్క. టైరు సైజు, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) లేదా గేర్‌బాక్సు మారి ఉంటుంది. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కేబుల్‌ను మీటరు నుంచి విప్పి, ఇన్నర్ చివరకు చిన్న కాగితం జెండా అంటించండి. కారును సమతలం మీద తిన్నగా 20 మీటర్లు తోసి, జెండా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని 50తో గుణించండి. అది కిలోమీటరుకు చుట్ల సంఖ్య. మీటరు మీద కిలోమీటరుకు 1000 అని ఉంటే 20 మీటర్లకు 20 చుట్లు రావాలి. తేడా ఎక్కువగా ఉంటే కేబుల్‌ను నిందించకండి.

ఇంకొక్క పరీక్ష తప్పనిసరి. పాత ఇన్నర్ ముక్కను మీటరు వెనక రంధ్రంలో పెట్టి వేళ్లతో తిప్పండి. తేలిగ్గా, సాఫీగా తిరగాలి. బిగువుగా ఉంటే మీటరు ముందు బాగుచేయించాలి, ఎందుకంటే బిగుసుకున్న మీటరు కొత్త కేబుల్‌ను కూడా తెంపేస్తుంది. కింద గేర్‌బాక్సు దగ్గర కేబుల్ విప్పినప్పుడు ఔటర్ (కేబుల్ పై తొడుగు) లోపల గేర్ ఆయిల్ కారుతుంటే పినియన్ దగ్గరి సీలు పోయిందని అర్థం. ఆ ఆయిల్ ఇన్నర్ చుట్ల వెంట పైకి పాకి మీటరులోకి చేరుతుంది. సీలు చిన్నది, ధర తక్కువ. దాన్ని మార్చకుండా వదిలేస్తే తరువాత మీటరు బాగుచేయించుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది.

ఈ పరీక్షలయ్యాక నిర్ణయం మీద ప్రభావం చూపే అంశాలు నాలుగే మిగులుతాయి: ఔటర్ ఎలా ఉంది, మీ మోడల్‌కు విడిభాగం దొరుకుతుందా, కారు అసలు రూపం మీకు ఎంత ముఖ్యం, పని స్వయంగా చేసుకోగలరా.

## మొదటి దారి: విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టడం

ఔటర్ ఎక్కడా నలగకుండా, ఇన్నర్ వంకర లేకుండా ఉంటే ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. చాలా కార్లలో మీటరు వైపు నట్టు విప్పితే ఇన్నర్ పైకి వచ్చేస్తుంది. కొన్నింటిలో గేర్‌బాక్సు వైపు నుంచే వస్తుంది, కాబట్టి బలవంతంగా లాగవద్దు. బయటికి తీసిన ఇన్నర్‌ను కిరోసిన్‌లో, అది దొరక్కపోతే డీజిల్‌లో నానబెట్టి గుడ్డతో తుడవండి. ఔటర్‌ను కూడా తీయగలిగితే అందులో కిరోసిన్ పోసి, వేలాడదీసి పూర్తిగా కారిపోనివ్వండి. మురికి నల్లగా రావడం మానేదాకా మళ్లీ పోయండి.

తరువాత వంకర పరీక్ష. ఇన్నర్‌ను గాజు బల్ల మీద దొర్లించండి. నున్నగా దొర్లాలి. తరువాత రెండు చివరలూ రెండు చేతుల్లో పట్టుకుని, మధ్య భాగం అర్ధచంద్రంలా వేలాడేలా ఉంచి, ఒక చివర నెమ్మదిగా తిప్పండి. రెండో చివర కూడా అలాగే నెమ్మదిగా తిరగాలి. ఎక్కడైనా ఆగి ఎగిరిపడితే ఆ ఇన్నర్‌లో శాశ్వతమైన వంపు ఉంది. గ్రీజు దాన్ని సరిచేయలేదు. తీగలు ఒకటి రెండు తెగి ముళ్లలా పైకి లేచినా అంతే.

ఎక్కువ తప్పులు జరిగేది గ్రీజు విషయంలోనే. పలుచని లిథియం గ్రీజు లేదా గ్రాఫైట్ కలిసిన గ్రీజు పలుచగా పూస్తే చాలు. చక్రాల బేరింగులకు పెట్టే చిక్కని గ్రీజు వద్దు, చలికి గట్టిపడి ఇన్నర్‌ను పట్టేస్తుంది. ఇంజన్ ఆయిల్ అసలే వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు శుభ్రం చేయడానికి పనికివస్తాయి కానీ త్వరగా ఆరిపోతాయి, కాబట్టి వాటిని గ్రీజుకు బదులుగా వాడకూడదు. స్మిత్స్ వారి పాత సూచన ఇప్పటికీ సరైనదే: గ్రీజు పూసిన ఇన్నర్‌ను లోపలికి పంపాక, పై చివర దాదాపు 20 సెంటీమీటర్లు మళ్లీ బయటికి లాగి, ఆ భాగం మీది గ్రీజు తుడిచేసి తిరిగి పెట్టాలి. ఇన్నర్ మీది చుట్లు స్క్రూలాగా పనిచేసి గ్రీజును పైకి తోస్తాయి. పై భాగంలో గ్రీజు లేకపోతే అది మీటరు దాకా చేరదు.

ఈ పనికి ఒక పూట చాలు. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. అసలు భాగాలన్నీ అలాగే ఉంటాయి. కానీ ఔటర్ లోపలి పొర అరిగిపోయి ఉంటే ఈ పని కొన్ని నెలలు మాత్రమే నిలుస్తుంది.

## రెండో దారి: ఇన్నర్ మాత్రమే మార్చడం

ఔటర్ బాగుండి ఇన్నర్ పోయినప్పుడు నేను దీన్నే ఎంచుకుంటాను. అంబాసిడర్, పద్మిని నడిపేవారిలో ఎక్కువమందికి ఇదే సరైనదని నా అభిప్రాయం. పాత ఔటర్, దాని నట్లు, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడ దగ్గరి రబ్బరు బుష్, క్లిప్పులు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. దాని దారి మారదు కనుక కొత్త వంపులు పుట్టవు.

చూసుకోవలసినవి ఉన్నాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి మందం, చివరల ఆకారం, పొడవు పోల్చండి. ఇన్నర్ ఔటర్ నుంచి మీటరు వైపు సుమారు 10 మిల్లీమీటర్లు బయటికి రావాలి. తక్కువైతే మీటరులో సరిగ్గా కూర్చోక జారుతుంది. ఎక్కువైతే నట్టు బిగించగానే మీటరు లోపలి భాగాన్ని లోపలికి తోస్తుంది, దాంతో మీటరు పాడవుతుంది. పొడవుగా దొరికిన ఇన్నర్‌ను కత్తిరించి చివర నొక్కించుకోవచ్చు, కానీ అది సరైన పనిముట్టున్న మెకానిక్ చేయాలి. కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి వదిలేస్తే పొరలు విచ్చుకుంటాయి.

## మూడో దారి: మొత్తం కొత్త కేబుల్, లేదా నమూనా చూసి చేయించుకోవడం

ఔటర్ సైలెన్సర్ పైపు దగ్గర కాలినా, ఎలుకలు కొరికినా, ఎక్కడైనా నలిగినా మొత్తం మార్చక తప్పదు. అంబాసిడర్ ఉత్పత్తి 2014 దాకా సాగింది కాబట్టి దాని కేబుల్ దొరకడం ఇప్పటికీ కష్టం కాదు. అయితే అంబాసిడర్ అని అడిగితే చాలదు. మోడల్‌ను బట్టి డాష్‌బోర్డు మారింది, ఇసుజు 1.8 ఇంజన్ ఉన్న కార్లలో ఐదు గేర్ల గేర్‌బాక్సు వచ్చింది. పాత కేబుల్‌ను చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి.

డెబ్భైల తొలినాళ్లలోనే ఆగిపోయిన హెరాల్డ్‌కు, మోరిస్ మైనర్‌కు, యుద్ధకాలపు విల్లీస్ జీపుకు సంగతి వేరు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుప్పేట, కోల్‌కతా మల్లిక్ బజార్ వంటి చోట్ల వెతికినా సరిగ్గా సరిపోయేది రాకపోవచ్చు. అప్పుడు పాత కేబుల్ రెండు చివరల అమరికలను దాచి, వాటిని కొత్త ఔటర్, ఇన్నర్‌లకు అమర్చి చేయించుకోవడమే దారి. అందుకే తెగిన కేబుల్‌ను ఎప్పుడూ పారేయకండి. ఆ నట్లూ చివరలే ఆ కారుకు కొలత.

కొత్త ఔటర్ వేసేటప్పుడు దాని దారే అన్నింటికంటే ముఖ్యం. ఎక్కడా 15 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువైన వంపు ఉండకూడదు. రెండు చివరల దగ్గరా కనీసం 5 సెంటీమీటర్లు తిన్నగా వెళ్లాకే వంపు మొదలవ్వాలి. పెడల్స్‌కూ ఎగ్జాస్టుకూ దూరంగా ఉంచి, క్లిప్పులతో పట్టించాలి, కానీ క్లిప్పు ఔటర్‌ను నొక్కేయకూడదు. చోటు లేని కార్లలో వంపును తప్పించడానికి చిన్న కోణపు గేరు పెట్టే పద్ధతి కొన్ని బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో ఉంది. మీటరు నట్టును చేతితోనే బిగించండి, ప్లయర్ వాడవద్దు.

## నాలుగో దారి: జీపీఎస్

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, పాత మీటరు తీసేసి కొత్త జీపీఎస్ మీటరు పెట్టడం. రెండోది, పాత మీటరును అలాగే ఉంచి, జీపీఎస్ సూచన ప్రకారం తిరిగే చిన్న మోటారుతో దాన్ని నడిపించడం. రెండోదానికి ఖర్చు ఎక్కువ, కానీ డాష్‌బోర్డు ముఖం మారదు, కిలోమీటర్ల అంకెలు కూడా తిరుగుతాయి.

ఇంజనూ గేర్‌బాక్సూ మార్చేసిన కార్లకు ఇది నిజంగా మేలు. అంబాసిడర్‌లో వేరే డీజిల్ ఇంజనో, మరో కారు గేర్‌బాక్సో వేసినప్పుడు పినియన్ నిష్పత్తి కుదరదు, కొన్నిసార్లు కేబుల్ తగిలించే చోటే ఉండదు. మిగతావారికి నేను దీన్ని సూచించను. సొరంగాల్లో సంకేతం పోతుంది. బండి స్టార్టు చేయగానే కొంతసేపు ఏమీ చూపదు. పాత బ్రిటిష్ కార్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్తు ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది, చూసుకోకుండా కలిపితే పరికరం కాలిపోతుంది. అన్నింటికంటే ముఖ్యంగా, కేబుల్ నడిపే మీటరు ఆ కారు వ్యక్తిత్వంలో భాగం. బాగుచేయగలిగినదాన్ని తీసి పక్కన పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

## ఒకచోట చూస్తే

| దారి | ఎప్పుడు సరిపోతుంది | ఎప్పుడు వద్దు | ఖర్చు | అసలు రూపం |
|---|---|---|---|---|
| శుభ్రం, గ్రీజు | ఇన్నర్ తిన్నగా, ఔటర్ గట్టిగా ఉంటే | తీగలు తెగితే, వంపు ఉంటే | అతి తక్కువ | పూర్తిగా నిలుస్తుంది |
| ఇన్నర్ మార్పు | ఔటర్ బాగుంటే | ఔటర్ కాలినా, నలిగినా | తక్కువ | నిలుస్తుంది |
| మొత్తం కేబుల్ | ఔటర్ పోతే | మీటరు బిగుసుకుని ఉంటే, ముందు అది చూడాలి | మధ్యస్థం. చేయిస్తే ఎక్కువ | దాదాపు నిలుస్తుంది |
| జీపీఎస్ | గేర్‌బాక్సు మారితే | కారు అసలు రూపంలో ఉంటే | ఎక్కువ | మీటరు మారిస్తే పోతుంది |

## మీరు ఎలాంటి యజమాని?

వారానికి రెండు మూడుసార్లు ఊళ్లో తిరిగేవారు ఏడాదికోసారి ఇన్నర్ తీసి తుడిచి గ్రీజు పెట్టుకుంటే చాలు. వానాకాలం ముగిశాక చేయడం మంచిది, ఎందుకంటే గేర్‌బాక్సు వైపు నుంచి నీరు, బురద లోపలికి పోయేది ఆ నెలల్లోనే. స్పీడోమీటరు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహన నియమావళి కూడా చెబుతుంది, కాబట్టి ‘ఫోనులో చూసుకుంటాంలే’ అని తెగిన కేబుల్‌ను వదిలేయవద్దు. కిలోమీటర్లు తెలియకపోతే ఆయిల్ ఎప్పుడు మార్చాలో కూడా తెలియదు.

యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించాలనుకునేవారికి అసలు రూపం ముఖ్యమవుతుంది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం కొత్త నమోదుకు రుసుము ₹20,000, చెల్లుబాటు పదేళ్లు. పునరుద్ధరణకు ₹5,000. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకూడదని ఆ నియమాలు కోరతాయి. కేబుల్ మార్చడం వాటికి అడ్డు కాదు. కానీ జీపీఎస్ మీటరు కోసం డాష్‌బోర్డును కోయడం ర్యాలీల్లో కారును చూసే కంటికి వెంటనే పట్టుబడుతుంది. మీకు రెండో దారి, ఔటర్ పోతే మూడోది.

నెలల తరబడి షెడ్డులో ఉండే కారుకు పెద్ద శత్రువులు తుప్పూ ఎలుకలూ. గోడకు ఉన్న రబ్బరు బుష్ చిరిగితే మార్చండి. అది ఎలుకకు తలుపు.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కొన్న మన వాళ్లకు ఒక మాట. దాని కేబుల్ గేర్‌బాక్సు నుంచి రాదు. ముందు ఎడమ చక్రం ఇరుసు గుండా వచ్చి, చక్రం మధ్యలోని గ్రీజు మూతకు ఉన్న నలుచదరపు రంధ్రంలో దూరి, చిన్న క్లిప్పుతో నిలుస్తుంది. చక్రం తిరిగితే అదీ తిరుగుతుంది. ముల్లు ఆగిపోతే ముందు చూడవలసింది ఆ క్లిప్పునే. ఇరుసు వెనక కేబుల్ లోపలికి దూరే చోట ఉండే రబ్బరు తొడుగు పగిలితే నీరు నేరుగా కేబుల్‌లోకి పోతుంది. ఇక్కడ కూడా మొదటి రెండు దారులే సరిపోతాయి, కొత్త కేబుళ్లు అక్కడ సులువుగా దొరుకుతాయి కూడా.

ఏ దారి ఎంచుకున్నా చివర్లో రోడ్డు మీద ఒకసారి సరిచూసుకోండి. ఖాళీగా ఉన్న హైవే మీద ముల్లును సరిగ్గా యాభైలో నిలిపి, పక్కన కూర్చున్నవారిని కిలోమీటరు రాళ్ల మధ్య సమయం చూడమనండి. యాభై నిజంగా యాభై అయితే 72 సెకన్లు పట్టాలి. 68 వస్తే మీటరు తక్కువ చూపుతోంది, 76 వస్తే ఎక్కువ చూపుతోంది. రెండు సందర్భాల్లోనూ ముల్లు ఊగకుండా నిలిస్తే కేబుల్ పని పూర్తయినట్టే. మిగిలిన తేడాను మీటరు మెకానిక్ దగ్గరో, టైరు సైజు దగ్గరో వెతకాలి.